ముందు నీళ్లు, తరువాతే ఆటో

మొన్న మధ్యాహ్నం మా ఊరి మిర్చి కల్లంలో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తున్న కూలీ ఒకాయన పొంతన లేకుండా మాట్లాడుతూ ఒరిగిపోయాడు. చొక్కా తడిసి ముద్దయి ఉంది. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అన్నారెవరో. ఆటో దొరికి పట్టణం చేరేసరికి గంట దాటింది. పక్కనే డ్రమ్ము నిండా నీళ్లున్నా, ఆ గంటలో ఒక్కరూ ఆయన మీద చెంబెడు పోయలేదు. ప్రాణం దక్కింది గాని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

గొడుగు, మజ్జిగ సంగతి మీకు తెలుసు. నేను చెప్పేది ఆ గంట గురించే.

మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడిని 37 డిగ్రీల దగ్గర నిలుపుతుంది. వేడి పెరిగితే చర్మానికి రక్తాన్ని ఎక్కువగా పంపి, చెమట పట్టిస్తుంది. ఎండ 40 దాటితే గాలే మనకు వేడి ఎక్కిస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే. కారిపోయిన చెమట చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందుకే సముద్రం పక్కనున్న మచిలీపట్నంలో 38 డిగ్రీల ఉక్కను తేలికగా తీసుకోకండి. లోపలి వేడి 40కి చేరి మాట తడబడిందంటే వడదెబ్బే, ఒళ్లు తడిగా ఉన్నా పొడిగా ఉన్నా. అక్కడి నుంచి ప్రతి నిమిషం మెదడుకూ కాలేయానికీ నష్టమే.

కాబట్టి ముందు నీళ్లు, తరువాతే ఆటో. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి పాదాల దాకా నీళ్లు పోస్తూ గాలి విసరండి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు 108కి ఫోను చేయండి. బండి ఎక్కించాక కూడా తడుపుతూనే ఉండండి.

పారాసెటమాల్ వేయకండి. జ్వరంలో మెదడే వేడిని పెంచమంటుంది, మాత్ర దాన్ని ఆపుతుంది. వడదెబ్బలో మెదడు అలా చెప్పదు, మాత్రకు అక్కడ పని లేదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడిగుడ్డ కప్పి వదిలేయకండి, అదీ వేడెక్కుతుంది. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లలోనే కలపండి, గ్లాసులో కాదు. కొత్తగా ఎండలోకి వచ్చిన కూలీకి మొదటి వారం సగం పనే చెప్పండి. శరీరం అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. రక్తపోటుకు నీళ్ల మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయించేవి) వాడేవారు ఇప్పుడే వైద్యుడిని అడగండి. ఆగిన కారులో పిల్లలను వదలకండి, ఐదు నిమిషాలకైనా. రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివారిని మూడింటికి వెళ్లి పలకరించండి. పలుకు తేడాగా ఉంటే ఆటో కోసం పరుగెత్తకండి. బిందె అందుకోండి.