ఫెయిర్‌వే వుడ్డా, హైబ్రిడ్డా? ముందు ఇసుక మీద గీత గీయండి

మా మేనల్లుడు గోల్ఫ్ ఆడతాడు. బంతిని కొట్టే కర్రనే ఈ ఆటలో క్లబ్బు అంటాం. దూరం కొట్టే పెద్ద తలది వుడ్, పలచటి ఇనుప తలది ఐరన్, రెంటికీ మధ్యరకం హైబ్రిడ్. నంబరు పెరిగిన కొద్దీ బంతి వెళ్ళే దూరం తగ్గుతుంది. అతను ఆమధ్య విశాఖ నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, బ్యాగులో ఒక్క క్లబ్బే మార్చగలను. చేతిలో డబ్బు కూడా అంతవరకే. ఫెయిర్‌వే వుడ్ కొనమంటావా, హైబ్రిడ్ కొనమంటావా?"

"ఆదివారం పొద్దున్నే బరంపురం రా. నీ 6 ఐరన్ ఒక్కటి పట్టుకురా" అన్నాను.

"కొనేది ఐరన్ కాదు కదా మావయ్యా!"

"ముందు రా, చెప్తాను."

సైన్యంలో ఉన్నప్పుడు ఆఫీసర్ల బ్యాగులు మోస్తూ ఈ ఆట నేర్చుకున్నాను. రిటైరై ఇంటికొచ్చాక ముందుగదిలో బల్ల వేసుకుని క్లబ్బులకు గ్రిప్పులు మారుస్తున్నాను, ఊడిన తలలు అతికిస్తున్నాను. ఛత్రపురం నుంచి, విశాఖ నుంచి, భువనేశ్వర్ నుంచి బస్సు పార్సిల్లో పంపిస్తుంటారు. మా నాన్న పట్టు నేసేవారు. పడుగు మీద వేలు ఆనించి ఏ పోగు వదులుగా ఉందో చెప్పేవారు. నాకేమో క్లబ్బు చేతికి రాగానే తిరగేసి అడుగు చూడటం అలవాటు. దాన్నే సోల్ అంటాం. ఆడే మనిషి క్లబ్బును నేలకు ఎలా తెస్తాడో ఆ గీతల్లో తెలిసిపోతుంది.

నా దగ్గరికి వచ్చే చాలా బ్యాగుల్లో ఐరన్లు అరిగిపోయి ఉంటాయి. 3 వుడ్ సోల్ మాత్రం కొత్త గిన్నెలా మెరుస్తూ ఉంటుంది. వేలకు వేలు పోసి కొన్నది అలా మూలన పడి ఉంటే నాకు బాధేస్తుంది. అందుకే ఎవరడిగినా దుకాణానికి వెళ్ళే ముందు ఒక పరీక్ష చేయమంటాను.

మాకు గోపాల్‌పూర్ పదిహేను పదహారు కిలోమీటర్లే. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తీశాక తడి ఇసుక గట్టిగా, చదునుగా ఉంటుంది. ఇంకా జనం రాకముందే వెళ్ళాం. కర్రతో పొడుగ్గా ఒక గీత గీశాను. దానికి అటూ ఇటూ కాళ్ళు పెట్టుకుని నిలబడమన్నాను. బంతి ఆ గీత మీద ఉందనుకుని 6 ఐరన్‌తో మామూలుగా ఊపాలి. బంతి పెట్టకూడదు. గీత వెంటే అడుగు చొప్పున జరుగుతూ పది సార్లు ఊపితే ఇసుకలో పది గుర్తులు పడతాయి. (ఉత్తరాన రుషికుల్య ముఖద్వారం వైపు వెళ్ళొద్దు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అది. సముద్రం దగ్గర లేనివాళ్ళు కోత అయిపోయిన వరి మడిలో మోళ్ళు లేనిచోట ముగ్గుపిండితో గీత వేసుకోవచ్చు.)

ఆ గుర్తులను కూర్చుని చూడాలి. నిలబడి చూస్తే తెలియదు. మావాడి పది గుర్తుల్లో ఏడు గీత దాటి రెండు వేళ్ళ దూరంలో మొదలయ్యాయి. పొడవు జానెడు కూడా లేదు. బొటనవేలు పెడితే గోరు మునిగేంత లోతుంది. అంటే క్లబ్బు పైనుంచి నిటారుగా దిగుతోంది. ఇలా కొట్టేవాళ్ళకు హైబ్రిడ్ బాగా కలిసొస్తుంది. గుర్తు పొడుగ్గా ఉండి, ఇసుక పైపొరను చీపురుతో తుడిచినట్టు పడితే మీ క్లబ్బు నేలకు దాదాపు సమాంతరంగా వస్తోందని అర్థం. ఫెయిర్‌వే వుడ్ అలాంటి చేతికోసమే పుట్టింది. ఎక్కువ గుర్తులు గీతకు వెనకే మొదలైతే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకోండి. బంతికి ముందే నేలను కొడుతున్నారు. నేర్పేవాళ్ళ దగ్గర ఒక నెల గడిపి, అప్పుడు మళ్ళీ గీత గీయండి.

ఎందుకిలా అంటే, ఈ రెండు క్లబ్బుల కట్టుబడే వేరు. వుడ్ తల పెద్దది, వెనక్కి సాగి ఉంటుంది, బరువు వెనకా కిందా ఉంటుంది. సోల్ వెడల్పు. నేల మీద జారిపోతూ బంతిని పైకి లేపుతుంది. షాఫ్ట్, అంటే తలకు బిగించే కర్ర, పొడవు. 5 వుడ్ సుమారు 42 అంగుళాలు ఉంటే, 4 హైబ్రిడ్ 40 లోపే ఉంటుంది. రెండు అంగుళాల తేడా కాగితం మీద చిన్నదే కానీ, ఫేస్ (బంతిని తాకే ముఖం) మధ్యలో బంతి తగలాలంటే చాలా పెద్దది. పొడవు ఎక్కువైన కొద్దీ తల వేగం పెరుగుతుంది, గురి తగ్గుతుంది. హైబ్రిడ్ తల చిన్నది, ముందు నుంచి వెనక్కి ఇరుకు. అందుకే గడ్డిలోకి ఐరన్‌లా దిగుతుంది, కానీ ఐరన్ కంటే సులువుగా బంతిని లేపుతుంది.

బంతి పెట్టే చోటూ మారుతుంది. కుడిచేతివాళ్ళు 5 వుడ్‌కు బంతిని ఎడమ మడమకు రెండు బంతుల మేర లోపల పెట్టాలి. హైబ్రిడ్‌కు అక్కడి నుంచి ఇంకో బంతి మేర మధ్యకు జరపాలి. హైబ్రిడ్‌ను వుడ్‌లా ఊడ్చబోయి బంతి నెత్తిన తగిలించినవాళ్ళను ఎంతమందినో చూశాను. హైబ్రిడ్‌ను ఐరన్ అనుకునే కొట్టాలి.

తరవాత ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ లెక్క వేశాం. ఒక కాగితం మీద అతని దూరాలు రాయమన్నాను. ఎప్పుడో ఒకసారి వెళ్ళిన దూరం రాయకూడదు. పదింట్లో ఆరేడు సార్లు వెళ్ళే దూరమే రాయాలి. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) 215 గజాలు, 6 ఐరన్ 145. 5 ఐరన్ 155 అని రాసి కొట్టేశాడు. నిజాయితీగా కొట్టేసినందుకు మెచ్చుకున్నాను. బ్యాగులో ఉన్న 3 వుడ్ టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) మీద నుంచే ఆడతాడు, 200. అంటే 145కీ 200కీ మధ్య నమ్మకంగా కొట్టే క్లబ్బే లేదు. ఆ ఖాళీ నడుమ, 165 నుంచి 175 గజాలు వెళ్ళేది కావాలి. అతని వేగానికి 21, 22 డిగ్రీల లాఫ్ట్ అక్కడికి తీసుకెళ్తుంది.

లాఫ్ట్ అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం. కొనేటప్పుడు క్లబ్బు మీది నంబరును నమ్మకండి. ఒక కంపెనీ 4 హైబ్రిడ్ 21 డిగ్రీలు ఉంటే, ఇంకో కంపెనీది 23 ఉంటుంది. డిగ్రీలు సోల్ మీదో, మెడ దగ్గరో చెక్కి ఉంటాయి, లేకపోతే కంపెనీ పట్టికలో ఉంటాయి. మామూలుగా 3 వుడ్ 15 డిగ్రీల దగ్గర, 5 వుడ్ 18 దగ్గర, 7 వుడ్ 21 దగ్గర ఉంటాయి. బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదన్న నియమం తెలిసిందే కదా. కొత్తది ఒకటి వస్తే పాతది ఏది బయటికి వెళ్తుందో కొనకముందే తేల్చుకోవాలి. మావాడి బ్యాగులోంచి 5 ఐరన్ వెళ్ళిపోయింది.

15 డిగ్రీల 3 వుడ్ గురించి నాకు తెలిసింది చెప్పి తీరాలి. సర్వీసులో ఉన్నప్పుడు ఒక పెద్ద ఊళ్ళో దుకాణంవాడు "దూరం కావాలంటే ఇదే సార్" అని నా చేత 3 వుడ్ కొనిపించాడు. రెండు నెలల జీతంలో మిగిలిందంతా దానికే పోయింది. టీ మీద పెడితే బాగానే వెళ్ళేది. నేల మీద నుంచి కొడితే మోకాలి ఎత్తున వంద గజాలు వెళ్ళి పడిపోయేది. చాలా కాలం తప్పు నాదే అనుకున్నాను. ఆ తక్కువ లాఫ్ట్‌తో నేల మీది బంతిని పైకి లేపాలంటే చేతిలో చాలా వేగం ఉండాలని తరవాత తెలిసింది. డ్రైవర్‌తో బంతి గాలిలో 200 గజాలు దాటనివాళ్ళు 15 డిగ్రీల వుడ్‌ను నేల మీద నుంచి కొట్టాలని చూడొద్దు. 18 తీసుకోండి, 21 ఇంకా మంచిది. నాలాంటి వాళ్ళకు 5 వుడ్ 3 వుడ్ కంటే దూరమే వెళ్తుంది, ఎందుకంటే అది గాలిలోకి లేస్తుంది.

"మరి 7 వుడ్డూ 21 డిగ్రీలే, 3, 4 హైబ్రిడ్లూ దాదాపు అంతే. రెండూ ఒకటేనా?" అని అడిగాడు మావాడు. ఇది మంచి ప్రశ్న. ఒకటి కావు. లాఫ్ట్ ఒకటే అయినా, 7 వుడ్ షాఫ్ట్ పొడుగు, బరువు వెనక్కి ఉంటుంది కాబట్టి బంతి ఎత్తుగా లేచి, నిటారుగా దిగి, గ్రీన్ (హోల్ అనే గుంట చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద త్వరగా ఆగుతుంది. హైబ్రిడ్ బంతి కొంచెం కిందుగా వెళ్ళి, పడ్డాక ఇంకా దొర్లుతుంది. బంకర్ (ఇసుక గుంట) దాటించి ఆపాలంటే 7 వుడ్. సముద్రపు గాలి ఎదురొస్తుంటే హైబ్రిడ్. విశాఖ ఈస్ట్‌పాయింట్ గోల్ఫ్ కోర్సులో నేలంతా ఎత్తుపల్లాలు, పైగా మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. ఎత్తుగా లేచిన బంతిని ఆ గాలి ఎక్కడికి తోస్తుందో చెప్పలేం. మావాడు ఎక్కువగా ఆడేది అక్కడే కాబట్టి ఇది కూడా హైబ్రిడ్ వైపే మొగ్గింది.

నేల సంగతి కూడా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు గడ్డి ఎండి నేల పెణంలా ఉంటుంది. వుడ్ వెడల్పు సోల్ ఆ నేల మీద ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. ఆగస్టులో వానలకు రఫ్ (పక్కన కోయకుండా వదిలిన గడ్డి) పెరిగి తడిగా ఉంటే పొడుగు గడ్డి వుడ్ తలను పట్టేస్తుంది. రెండు చోట్లా హైబ్రిడ్ నెగ్గుకొస్తుంది. నీళ్ళు పెట్టి పెంచిన మెత్తని ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన ఆట దారి) మీద, బంతి దువ్విన జుట్టు మీద కూర్చున్నట్టు కూర్చుంటే, వుడ్ అంత హాయిగా ఇంకేదీ ఆడదు.

హైబ్రిడ్‌కూ ఒక గుణం ఉంది. గట్టిగా, మణికట్టు తిప్పి కొట్టేవాళ్ళకు బంతి ఎడమకు లాగుతుంది. షాఫ్ట్ పొట్టి, తల కాస్త నిటారుగా అమర్చి ఉంటుంది కదా. మీ ఐరన్లే ఎడమకు వెళ్తుంటే, కొనేముందు పది బంతులైనా కొట్టి చూడండి. ఎడమకే పోతుంటే 7 వుడ్ వైపు చూడండి.

పెద్ద పోటీలు ఆడే ఆటగాళ్ళలోనూ రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. 2009 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో చివరి హోల్ దగ్గర కొరియావాడు వై.ఇ. యాంగ్ 206 గజాల నుంచి హైబ్రిడ్‌తో చెట్టు మీదుగా గ్రీన్ మీదకు కొట్టి టైగర్ వుడ్స్‌ను ఓడించాడు. 2004 బ్రిటిష్ ఓపెన్ గెలిచిన టాడ్ హామిల్టన్ గ్రీన్ ముందు నుంచి హైబ్రిడ్‌ను పట్టర్‌లా (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బులా) వాడి బంతిని దొర్లించాడు. ఈ రెండో ఉపయోగాన్ని మావాడికి నేర్పాను. ఎండాకాలం గ్రీన్ చుట్టూ గడ్డి లేనప్పుడు దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జి కంటే ఇదే నయం. ఇక వుడ్ మాటకొస్తే, 1935 మాస్టర్స్‌లో జీన్ సరాజెన్ 235 గజాల నుంచి 4 వుడ్‌తో ఒక్క దెబ్బలో బంతిని హోల్‌లో వేశాడు. మన అదితి అశోక్‌ను తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో దూరంగా కొట్టేవాళ్ళ వరసలో ఆమె అట్టడుగున ఉంది. ఇతరులు ఐరన్ తీసే చోట ఆమె పొడుగు క్లబ్బులతో గ్రీన్‌ను అందుకుంది. ఒక్క స్ట్రోక్ తేడాతో కంచు పోయి నాలుగో స్థానం వచ్చింది. చేతిలో దూరం లేనివాళ్ళకు ఈ క్లబ్బులే గతి అని కొందరు తక్కువ చేసి మాట్లాడతారు. వాళ్ళ మాట పట్టించుకోవద్దు.

ఛత్రపురంలో రిటైరైన ఒక టీచరమ్మ ఉన్నారు. వయసు అరవై దాటింది. ఆమె ఇసుక గుర్తులు చూస్తే ఇసుక కదిలినట్టే లేదు, అంత తేలిగ్గా ఊడుస్తారు. ఎవరో చెప్పారని హైబ్రిడ్ కొనబోతుంటే ఆపి 7 వుడ్ తీసుకోమన్నాను. ఇప్పుడు 5, 6 ఐరన్లు రెండూ తీసేసి, 9 వుడ్ కూడా చేర్చుకున్నారు.

పాతది కొంటే డబ్బు సగం మిగులుతుంది, తప్పేం లేదు. తల పట్టుకుని చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే జిగురు ముక్క ఊడింది. అది పర్వాలేదు, నేను తీసేస్తాను. తలా షాఫ్టూ కలిసే చోట నల్లటి రింగు పైకి జరిగి సందు కనిపిస్తే తల వదులైంది. ఫేస్‌ను కంటికి అడ్డంగా పెట్టి వెలుతురులో చూడండి, మధ్యలో గుంట కనిపిస్తే వదిలేయండి. పై రంగు మీద తెల్లటి దెబ్బలుంటే బేరం చేయండి, ఆటకు నష్టం లేదు. షాఫ్ట్ విరిగిన హైబ్రిడ్ చవకగా వస్తే, ఇంట్లో పాత వుడ్ షాఫ్ట్ ఉంది కదా అని కొనొద్దు. వుడ్ షాఫ్ట్ కొన 0.335 అంగుళాలు, హైబ్రిడ్‌ది 0.370. వుడ్ షాఫ్ట్ ఆ కన్నంలో వదులుగా ఆడుతుంది.

మావాడు 22 డిగ్రీల హైబ్రిడ్, వాడినదే, తెచ్చాడు. గ్రిప్ గట్టిపడిపోయి ఉంది. కత్తితో చీల్చి తీసి, పాత టేపు గీకి, కొత్త రెండువైపుల టేపు చుట్టి, టర్పెంటైన్ పోసి కొత్త గ్రిప్ జార్చాను. రాత్రంతా ఆరాక ఇచ్చాను. మొదటి వారం కోర్సు మీదకు తీసుకెళ్ళొద్దన్నాను. రోజుకు ముప్పై బంతులు, టీ లేకుండా. ప్రతి పది బంతులకూ ఒకసారి సోల్ తిరగేసి చూడాలి. గీతలు మధ్యలో పడుతుంటే సరే, మడమ వైపే పడుతుంటే బంతికి అర అంగుళం దూరం జరిగి నిలబడాలి. రెండో ఆదివారం సోల్ ఫోటో తీసి పంపించాడు. గీతలు మధ్యకు వచ్చాయి.