టాంగోలో కాళ్లు తొక్కుతుంటే, ఓచోలో తూలుతుంటే

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురాల్లో హాల్లో సోఫా పక్కకు జరిపి అర్జెంటీనా టాంగో అనే జంట నృత్యం సాధన చేసేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కులివి. జంటలో నడిపించేవారు లీడర్, అనుసరించేవారు ఫాలోవర్. తేడా కనిపించేది కాళ్లలో, చేతుల్లో. వెతకాల్సింది మాత్రం ఆ క్షణాన ఒంటి బరువు ఏ కాలి మీద ఉందన్నది.

సమస్య: ముందుకు నడుస్తుంటే ఫాలోవర్ వేళ్లు తొక్కడం

"ఏమండీ, మళ్లీ తొక్కారు" అనగానే లీడర్ కిందికి చూస్తాడు. తల వాలి, ఉన్న చోటు ఇంకా ఇరుకవుతుంది. అసలు తప్పు ఛాతీ కదలకముందే కాలు చాపడం. ఫాలోవర్‌కు కబురు అందేది ఛాతీ నుంచే.

పరిష్కారం: బరువంతా ఒక కాలి మీదే, మోకాలు కాస్త వదులుగా. ఆ కాలితోనే నేలను వెనక్కి నెట్టి ఛాతీని కదిలించండి, రెండో కాలు దాని వెంట వస్తుంది. ఫాలోవర్ కాలిని తుంటి నుంచి వెనక్కి చాపాలి. ముందు వేళ్లు ఆనించి, బరువు చేరాకే మడమ దించాలి. మోకాలు మాత్రమే మడిస్తే అడుగు పొట్టిదై, వేళ్లు అక్కడే దొరికిపోతాయి.

పరీక్ష: ఇద్దరి ఛాతీల మధ్య నోట్‌బుక్ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని 8 అడుగులు వేయండి. పుస్తకం జారితే ఫాలోవర్ తొందరపడ్డట్టు, లేదా లీడర్ వెనకబడ్డట్టు. గట్టిగా గుచ్చుకుంటే లీడర్ ముందే వచ్చేశాడు.

సమస్య: ఓచోలో తూలడం

ఓచో అంటే స్పానిష్‌లో ఎనిమిది, ఫాలోవర్ కాళ్లు నేల మీద గీసే అంకె. అడుగు పూర్తికాకుండానే తిరగబోవడం వల్లే తూలేది. బరువు రెండు కాళ్ల నడుమ ఉన్నంతసేపూ ఇరుసు ఉండదు. అడుగు వేయాలి, బరువు పూర్తిగా చేరాలి, రెండో కాలు దగ్గరకు రావాలి, ఆ తర్వాతే మలుపు. బరువు బొటనవేలి మొదట్లో, మడమ కాగితం దూరేంత పైకి. చాలు.

ముందు ఛాతీ తిరుగుతుంది, తుంటి దాన్ని అందుకుంటుంది. నెత్తిన నీళ్ల బిందెతో నడిచేవాళ్లకు పైభాగం నిలకడగా ఉండి కింద తుంటి ఆడుతుంది చూడండి, ఆ వేర్పాటే ఇక్కడా కావాలి. నడుము దగ్గరి వెన్నుపూసలు తిరిగేది బహు కొద్దిగా. మెలిక వీపు పైభాగం, తుంటి కీళ్ల నుంచి రావాలి. నడుమునే పిండితే రాత్రికి నొప్పి ఖాయం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కాలు తిరగకపోతే నేల చూడండి. వానాకాలం తేమకు మొజాయిక్ చెమర్చి రబ్బరు అట్టను పట్టేస్తుంది, ఆ మెలి మోకాలికి పోతుంది. చెమట పట్టిన ఉత్త పాదమూ అంతే. క్యారమ్ పౌడర్ చల్లే ఆలోచన వద్దు, జారిపడతారు. బూటు ముందుభాగానికి పాత నూలు సాక్సు తొడగండి, లేదా చెప్పులు కుట్టేవారి దగ్గర తోలు అట్ట వేయించండి.

సమస్య: హీరోలో జంట విడిపోవడం

మన సినిమా హీరో కాదు లెండి, స్పానిష్‌లో మలుపును అలాగే పలుకుతారు. లీడర్ తిరగలి మధ్య కొయ్యలాంటివాడు, ఫాలోవర్ చుట్టూ తిరిగే పై రాయి. కొయ్య జరిగితే రాయి గతి తప్పుతుంది. ఫాలోవర్ అడుగుల వరుస: ముందుకు, పక్కకు, వెనక్కి, పక్కకు.

వెనకడుగులో దూరం పెరిగితే తుంటి చాలినంత తిరగలేదు. పక్కడుగులో పెరిగితే అడుగు గుండ్రంగా కాక తిన్నగా పోతోంది. సుద్దముక్కతో నేల మీద వృత్తం గీసి, మధ్యలో కుర్చీ పెట్టి, దాని వీపు మీద వేళ్లు ఆనించి తిరగండి. ప్రతి అడుగూ గీత మీదే పడాలి.

సమస్య: భుజం లాగడం

మోచెయ్యి వీపు కన్నా వెనక్కి పోతోంది. మీ కంటికి కనిపించేంత ముందుకు తెచ్చుకోండి, భుజం దించండి.

మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైతే ఆ పూట మలుపులు ఆపేయండి. నడిస్తే నొప్పి లేదంటేనే నడక సాధన చేయండి.