సమర్‌కండ్ నుంచి బుఖారా వెళ్తున్నారా? దారిలో నవోయీ దగ్గర ఆగండి

ఉజ్బెకిస్తాన్ వెళ్లే మనవాళ్లు చాలామంది సమర్‌కండ్‌లో ఫాస్ట్ ట్రైన్ ఎక్కి నేరుగా బుఖారాలో దిగిపోతారు. మధ్యలో వచ్చే నవోయీ అంటే ఫ్యాక్టరీలు, పొగగొట్టాలు, సోవియట్ అపార్ట్‌మెంట్లు, అంతే కదా అనుకుంటారు. నిజమే, అది 1958లో పుట్టిన ఊరు, కిజిల్‌కుమ్ ఎడారి బంగారం, యురేనియం మీద బతికే ఊరు. కానీ అక్కడి నుంచి బుఖారా వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే రబాతి మాలిక్ ఉంటుంది, 11వ శతాబ్దం నాటి సత్రం, అదీ ఒంటెల బిడారులు ఆగింది. ఇప్పుడు మిగిలింది ప్రధానంగా ఆ పెద్ద ఇటుక ద్వారమే, దాని వెనక పునాదులు. చాలామంది ద్వారం ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు, రోడ్డు దాటి అవతలికి వెళ్లరు. అక్కడే సర్దోబా ఉంది: నేలలో తవ్విన నీళ్ల తొట్టి, పైన ఇటుక గుమ్మటం. ఎడారి ఎండకి నీళ్లు ఆవిరైపోకుండా వేసిన మూత అన్నమాట! నాకైతే ద్వారం కన్నా ఇదే గొప్ప.

ఈ రెండూ 2023లో యునెస్కో జాబితాకెక్కాయి. ట్రైన్ ఇక్కడ ఆగదు కాబట్టి కారు మాట్లాడుకోండి, బేరం కుదిరేటప్పుడే అరగంట ఆగాలని డ్రైవర్‌కి చెప్పేయండి. వేసవిలో అయితే పొద్దున్నే వెళ్లండి, ద్వారం చుట్టూ నిలబడడానికి పెద్దగా నీడ ఉండదు. రోడ్డు దాటేటప్పుడు లారీలతో జాగ్రత్త.