సెల్ఫ్ తిరుగుతుంది, ప్లగ్గుకి కరెంటు రాదు: పెట్రోలు కారులో స్పార్క్ ఎక్కడ పోయిందో పట్టుకోవడం

సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిరగిరా తిరుగుతుంది, అంటుకోదు. ట్యాంకులో పెట్రోలు ఉంది. ఇలాంటి బండి షెడ్డుకు వెళ్తే తరచూ జరిగేది ఒకటే: ముందు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత కాయిల్ (బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచేది), ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ (ఆ కరెంటును ఒక్కో ప్లగ్గుకి పంచేది) మొత్తం. ప్లగ్గులన్నీ ఒకే రోజు చచ్చిపోవడం చాలా అరుదు. అన్నిటికీ ఒకేసారి కరెంటు ఆగిందంటే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటే లోపం ఉంటుంది. ఆ చోటు కనుక్కోవడానికి ఒక పాత ప్లగ్గు, ఒక టెస్ట్ ల్యాంపు (ఒక వైపు క్లిప్పు, ఇంకో వైపు మొన ఉన్న చిన్న బల్బు) చాలావరకు సరిపోతాయి.

ముందు మారుతీ 800, ఓమ్ని లాంటి కార్బురేటర్ బళ్ల సంగతి చూద్దాం. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బళ్ల గురించి తర్వాత. డీజిల్ బండి అయితే ఇది చదవక్కర్లేదు, దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు.

స్పార్క్ నిజంగానే లేదా?

ఒక ప్లగ్గు వైరు ఊడదీసి పాత ప్లగ్గుకి తగిలించండి. ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజిన్ బాడీకి గట్టిగా ఆనేలా పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. తెలుపు కలిసిన నీలిరంగులో చిటపటమంటూ మెరిస్తే స్పార్క్ బాగున్నట్టే, పెట్రోలు వైపు వెతకాలి. పసుపుగా, పల్చగా వస్తే బలం చాలదని అర్థం. ఏమీ లేకపోతే ఇంకో సిలిండరు వైరుతో కూడా చూసి నిర్ధారించుకోండి.

వైరును చేత్తో పట్టుకోవద్దు. అందులో ఇరవై వేల వోల్టులు దాటి ఉంటుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరే ఉండకూడదు. పెట్రోలు వాసన గుప్పుమంటుంటే అది ఆరేదాకా ఆగండి. వైరు కొసను గాల్లో వదిలేసి సెల్ఫ్ కొట్టడం కూడా మంచిది కాదు, ఎలక్ట్రానిక్ బళ్లలో కాయిల్, ఇగ్నైటర్ (కాయిల్‌ని ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ భాగం) పోతాయి.

బ్యాటరీని కూడా వదిలేయొద్దు. సెల్ఫ్ తిరుగుతుందంటే బ్యాటరీ బాగుందనుకుంటారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటరు 9.6 వోల్టుల కంటే కిందికి పడుతుంటే కాయిల్‌కి అందేది చాలదు. ముందు ఛార్జింగ్ పెట్టి మళ్లీ చూడండి.

కాయిల్ వైరులో ఉంది, ప్లగ్గు వైరులో లేదు

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడిమధ్యకు వచ్చే లావు వైరు కాయిల్ నుంచి వస్తుంది. దాన్ని క్యాప్ నుంచి ఊడదీసి అదే టెస్ట్ ప్లగ్గుకి పెట్టండి. ఇక్కడ మంచి స్పార్క్ వస్తుంటే కాయిల్, దాని వెనకున్నదంతా బాగున్నట్టే. లోపం క్యాప్‌లోనో, రోటార్‌లోనో (క్యాప్ లోపల తిరుగుతూ కరెంటు పంచే ముక్క) ఉంది.

వానాకాలంలో మొదటి అనుమానం క్యాప్ లోపలి తేమ. ఊడదీసి పొడిగుడ్డతో తుడిస్తేనే సగం బళ్లు స్టార్ట్ అవుతాయి. లోపల పెన్సిలు గీతలాంటి నల్లచార కనిపిస్తే అది పగులు వెంట కరెంటు పారిన జాడ. తుడిచి లాభం లేదు, క్యాప్ మార్చాలి. మధ్యలో స్ప్రింగు మీద కూర్చునే కార్బన్ ముక్క అరిగిపోయిందేమో కూడా చూడండి.

క్యాప్ తీసి ఉండగానే సెల్ఫ్ కొట్టించి రోటార్ తిరుగుతోందో లేదో చూడాలి. ఈ బళ్లలో డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది క్యామ్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పేది టైమింగ్ బెల్టు. ఇంజిన్ తిరుగుతున్నా రోటార్ కదలకపోతే బెల్టు తెగి ఉండొచ్చు. అప్పుడు సెల్ఫ్ చప్పుడు కూడా మామూలుకన్నా తేలిగ్గా, వేగంగా వినిపిస్తుంది. ఇక సెల్ఫ్ కొట్టడం ఆపి బెల్టు కవరు తెరిపించండి.

కాయిల్ దగ్గరే లేదు

అసలు పని ఇక్కడుంది. టెస్ట్ ల్యాంపు క్లిప్పును బ్యాటరీ మైనస్‌కి పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కాయిల్ ప్లస్ మీద మొన ఆనించండి. వెలగకపోతే కాయిల్ తప్పేమీ లేదు, దానికి కరెంటే రావట్లేదు. ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, ఎలుక కొరికిన వైరు వరుసగా చూడండి. పాత కార్లలో దొంగల భయంతో డ్యాష్‌బోర్డు కింద రహస్య స్విచ్ పెట్టించే అలవాటు ఉండేది. సెకండ్ హ్యాండులో కొన్నవాళ్లకు అది ఉందనే తెలియదు, మోకాలు తగిలి ఆఫ్ అయిపోతుంది.

ఆన్‌లో వెలిగింది కదా అని వదిలేయకండి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా వెలుగుతూనే ఉండాలి. తాళం స్టార్ట్ దగ్గరికి తిప్పగానే ఆరిపోతే ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టు అరిగిందన్నమాట. దీన్ని గుర్తుపట్టడానికి ఒక సూచన ఉంది: తాళం వదిలే క్షణంలో ఇంజిన్ ఒక్కసారి అంటుకోబోయినట్టు ఉలిక్కిపడుతుంది.

ప్లస్ దగ్గర అంతా బాగుంటే మొనను కాయిల్ మైనస్ మీదికి మార్చి సెల్ఫ్ కొట్టించండి.

ల్యాంపు టకటకా మిణుకుతుంటే కాయిల్‌ని ఆన్ ఆఫ్ చేసే భాగం పనిచేస్తోంది. అయినా స్పార్క్ లేదంటే కాయిల్‌గానీ దాని లావు వైరుగానీ పోయింది. ఇప్పుడు కాయిల్ కొనండి, ఇంతకు ముందు కాదు.

మిణుకు లేకుండా ఒకటే వెలుగుతుంటే మైనస్‌ని ఎర్త్‌కి (బండి బాడీకి) కలిపే భాగం పనిచేయట్లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి పాయింట్ల (తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్‌ని ఆన్ ఆఫ్ చేసే కాంటాక్టుల) బళ్లలో పాయింట్లు కాలిపోయో, సరిగ్గా మూసుకోకో ఇలా జరుగుతుంది. సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండేలా పెట్టాలి. ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ అయితే పికప్ కాయిల్ (డిస్ట్రిబ్యూటర్ తిరుగుడును పసిగట్టేది), దాని కప్లరు (వైర్లు కలిసే జాయింటు), చివరగా ఇగ్నైటర్ చూడాలి.

అసలు వెలగకపోతే మైనస్ మీదున్న వైర్లన్నీ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్‌లో మళ్లీ చూడండి. అప్పటికీ వెలగకపోతే కాయిల్ లోపలి తీగ తెగింది. ఇప్పుడు వెలిగితే కాయిల్ మంచిదే, ఊడదీసిన వైరుల్లో ఒకటి ఎర్త్‌కి తగులుతోంది: అతుక్కుపోయిన పాయింట్లు, షార్టయిన కండెన్సర్ (పాయింట్లకు జతగా ఉండే చిన్న డబ్బా), లేదా గ్యాస్ కిట్టు. ఎల్పీజీ, సీఎన్జీ కిట్లు చాలావాటిలో ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) తెలుసుకోవడానికి కాయిల్ మైనస్ నుంచి ఒక సన్న వైరు తీసుకుంటారు. దాని అతుకు టేపు ఊడి బాడీకి తగిలితే బండి మొత్తం ఆగిపోతుంది. కిట్టు ఉన్న బండిలో నేనైతే మొదట ఆ వైరే విప్పి చూస్తాను.

ఎంపీఎఫ్ఐ బండి అయితే

పరీక్షకు ముందు ఫ్యూయల్ పంపు రిలే పీకేయండి. లేకపోతే కాలని పెట్రోలంతా పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుభ్రం చేసే భాగం) చేరుతుంది. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) వైరులకు మామూలు బల్బు ల్యాంపు వాడొద్దు, ఎల్ఈడీది వాడండి.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఓబీడీ స్కానర్‌లో (ఈసీయూ సమాచారం చదివే పరికరం) ఆర్పీఎం సున్నా దగ్గరే ఉండిపోతే క్రాంక్ సెన్సర్‌ని (ఇంజిన్ తిరుగుడును ఈసీయూకి తెలిపేది) అనుమానించాలి. పీ0335 కోడు దానిదే. అయితే కోడు వచ్చిందని సెన్సర్ కొనేయకండి. కప్లరులో నీరు, తుప్పు, తెగిన వైరు ఉన్నా అదే కోడు వస్తుంది. ఆర్పీఎం వస్తూ స్పార్క్ లేకపోతే కాయిళ్లకు వచ్చే ఫ్యూజు, మెయిన్ రిలే, ఇంజిన్ ఎర్త్ చూడాలి. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు ఆగకుండా మిణుకుతుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) తాళాన్ని గుర్తించట్లేదు, ఇంట్లో ఉన్న రెండో తాళంతో ప్రయత్నించండి. ప్లగ్గు మీదే కూర్చునే కాయిళ్లలో లోపలే ఇగ్నైటర్ ఉంటే ఓమ్ మీటరుతో తేలేదేమీ లేదు.

వేడెక్కితే ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండి

ఇది అన్నిటికన్నా విసుగు పుట్టించే రకం, ఎందుకంటే షెడ్డుకు చేరేసరికి బాగైపోతుంది. కారణం సాధారణంగా క్రాంక్ సెన్సర్, ఇగ్నైటర్, కాయిల్ ఈ మూడింట్లో ఒకటి. బండి ఆగిన ఆ కొద్దిసేపట్లోనే పరీక్ష చేయాలి. టెస్ట్ ప్లగ్గు, ల్యాంపు డిక్కీలో పెట్టుకోండి. ఆగిన వెంటనే స్పార్క్ లేదని తేల్చుకుని, అనుమానమున్న భాగం మీద బాగా పిండిన తడిగుడ్డ కప్పండి; కప్లరు తడవకూడదు. రెండు మూడు నిమిషాల్లో స్పార్క్ తిరిగొస్తే మార్చాల్సింది అదే.