మలేరియా పరాన్నజీవి తిన్న తిండిని స్లైడులో ఎలా పట్టుకోవాలి

అనంతపురంలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్తుంటాను. మలేరియా పరాన్నజీవి ఆహారం ఎలా తీసుకుంటుందని అడిగితే ఏటా ఒకటే జవాబు, "ఒంటి పొర గుండా పీల్చుకుంటుంది సార్" అని. అది సగమే. మిగతా సగం మీ ల్యాబ్‌లోని స్లైడులో కంటికి కనబడుతుంది.

మలేరియా పరాన్నజీవుల్లో ఒక రకమైన ప్లాస్మోడియం వైవాక్స్ పర్మనెంట్ స్లైడు అడిగి తీసుకోండి. ఇంకో రకమైన ఫాల్సిపారం వద్దు, అందులో పెరిగిన దశలు లోపలి అవయవాల్లోని సన్న రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయి కాబట్టి వేలి నుంచి తీసిన రక్తంలో ఎక్కువగా చిన్న ఉంగరాలే దొరుకుతాయి. సొంతంగా రక్తం తీసి చూద్దామని మాత్రం అనుకోవద్దు. తక్కువ లెన్సుతో కణాలు పలచగా పరుచుకున్న చోటు వెతికి, ఒక చుక్క ఆయిల్ వేసి 100ఎక్స్ లెన్సు తిప్పండి.

ముందు ఉంగరం లాంటివి కనబడతాయి, వాటిని దాటేయండి, ఇంకా పెద్దగా తినలేదు. రక్తకణం ఉబ్బి, లోపల పరాన్నజీవి అడ్డదిడ్డంగా సాగిన చోట ఆగండి. ఫైన్ నాబ్ కొద్దికొద్దిగా తిప్పుతుంటే గోధుమ రంగు నలుసులు మెరుస్తాయి. అదే హీమోజాయిన్. శెనక్కాయలు తిన్నోళ్ల ముందు తొక్కలు పడున్నట్టు, ఇది తిన్నదాని మిగులు.

పరాన్నజీవికి సైటోస్టోమ్ అనే చిన్న నోరుంది. దాంతో హీమోగ్లోబిన్‌ను మింగి, ఆహార రిక్తికలో (తిండి అరిగే చిన్న సంచిలో) ఎంజైములతో ముక్కలు చేసి అమైనో ఆమ్లాలు తీసుకుంటుంది. మిగిలిన హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) దానికే విషం, అందుకని దాన్ని స్ఫటికాలుగా గట్టిపరిచి లోపలే ఉంచుకుంటుంది. మలేరియా మందు క్లోరోక్విన్ దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే, గట్టిపడనివ్వదు, విషం పేరుకుని పరాన్నజీవి చస్తుంది. ఈ పాఠం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తుపట్టింది కూడా ఈ రంగు నలుసుల వల్లే.

ఇక రికార్డులో బొమ్మ గీసేటప్పుడు, స్లైడులో కనబడనివి బయటి నుంచి లోపలికి బాణాలుగా వేయండి. మీరు చెప్పే "ఒంటి పొర" సంగతి వచ్చేది ఇక్కడే. మొదటి బాణం గ్లూకోజ్‌ది, దాని శక్తికి ఆధారం అదే, ముదిరిన మలేరియాలో రోగికి షుగర్ పడిపోవడానికి ఇదీ ఒక కారణం. రెండోది ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, పెద్దవాళ్ల హీమోగ్లోబిన్‌లో అది ఉండదు కాబట్టి ఎంత హీమోగ్లోబిన్ తిన్నా ఆ లోటు తీరదు, రక్తంలోంచి తెచ్చుకోవాల్సిందే. మూడోది డీఎన్ఏ తయారీకి కావాల్సిన ప్యూరిన్లు, వాటిని సొంతంగా తయారు చేసుకోలేదు.

జిగట విరేచనాలు తెచ్చే ఎంటమీబా హిస్టోలిటికా స్లైడు కూడా ఉంటే చూడండి, అది మిథ్యాపాదాలతో ఎర్ర రక్తకణాన్ని అమాంతం మింగేస్తుంది. పేగుల్లో ఉండే ఇంకో పరాన్నజీవి జియార్డియాకు నోరే లేదు, పేగు గోడను పట్టుకుని కూర్చుని పీల్చుకుంటుంది.

లేచే ముందు లెన్సు మీది ఆయిల్‌ను లెన్స్ పేపర్‌తోనే తుడవండి, చేతి రుమాలుతో వద్దు, గీతలు పడితే తర్వాతి బ్యాచ్‌కి ఆ నలుసులు కనబడవు.