గోడ పగిలిందా? ఏ నెలలో పగిలిందో చెప్పండి

ఇల్లు పగుళ్లిచ్చిందని ఫోను చేసేవారిని నేను ముందు అడిగేది నెల. మేలో గడ్డపార దిగని రేగడి ఆగస్టులో కాలి చెప్పును ఊడబెరుకుతుంది. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలంటే ఎర్రచెలకలే గుర్తొస్తాయి గానీ అలంపూర్ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద కొన్నిచోట్ల, చెరువు శిఖాల్లో, అంటే నీళ్లు నిలిచే ముంపు నేలల్లో, నల్ల నేల ఉంది. ఒకే వెంచర్‌లో పక్కపక్క ప్లాట్లకు కూడా నేల మారుతుంది.

కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు. ఎండల్లో వెడల్పై, వానల్లో సన్నబడుతుంది

ఇది రేగడి పని. గోడల వెంట మట్టి ఎండి కుంచించుకుంటుంది, తడిసి ఉబ్బుతుంది. ఇంటి నడిమి మట్టిలో తేమ అంతగా మారదు. పునాది ఒకచోట దిగి, ఒకచోట లేస్తుంది. వేసవిలో ఆ పగులును సిమెంటుతో పూడ్చకండి. వానలకు పగులు మూసుకోబోతే గట్టి సిమెంటు అడ్డుపడి పక్కన కొత్త పగులు పుడుతుంది. పగులుకు అడ్డంగా పెన్సిలు గీత గీసి, తేదీ వేసి, ఏడాది చూడండి. ఈలోగా ఇంటి చుట్టూ మీటరున్నర వెడల్పున బయటికి వాలుగా గచ్చు వేయించి, కప్పు నీటిని దూరంగా పంపండి. కారే పైపులు మార్చండి. గోడకు ఆనుకొని వేపచెట్టు ఉంటే, అదీ తేమ తాగుతోందని గుర్తుంచుకోండి.

గోడలు బాగానే ఉన్నాయి, గది నడుమ బండలు లేచాయి

బండల కింద రేగడిని అలాగే వదిలేశారు. బండలు తీసి, వీలైనంత లోతు నల్లమట్టి ఎత్తి, మొరాన్ని జానెడు మందం పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించాలి. ఇసుక చవకగా దొరికినా వద్దు. రేగడి గుంతలో ఇసుక నీళ్లు నిలిచే గిన్నె.

ఒక మూల పగులు ఏ కాలంలోనూ మూసుకోదు, పెరుగుతూనే ఉంది

ఇది ఉబ్బు కాదు, కుంగు. వెంచర్ చదును చేసినప్పుడు పాత మోటబావిని పూడ్చి ఉంటారు. గ్రామ నక్షా చూడండి, ఆ చేలో గొర్రెలు కాచిన ముసలాయనను అడగండి. నక్షాలో లేని బావులు ఆయనకు తెలుసు. పునాది పక్కన గుంత తీయించి, ఇంజనీరు చూశాకే పునాది కింద కొత్త ఆసరా కట్టించాలి.

ఇంకా కట్టనివారికి

మట్టి పరీక్ష వేసవిలో ఒక్కసారి చేయించి ఊరుకోవద్దు. అరవై మూడున్నర కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. ఎండిన రేగడిలో ఆ లెక్క భారీగా వచ్చి, నేల గట్టిదని మురిపిస్తుంది. బోరు రెండు మీటర్లకే రాయి తగిలిందన్నా నమ్మకండి: అది పరుపు బండా, మట్టిలో ఇరుక్కున్న గుండురాయా అన్నది ఇంకొంత లోతు తొలిచాకే తేలుతుంది.

నివేదికలో ఉబ్బు శాతం వెతకండి. పది గ్రాముల ఎండు మట్టిని ఒక జాడీలో కిరోసిన్‌లో, ఇంకో జాడీలో నీటిలో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలోది దానికంటే సగం పైగా ఎక్కువ పొంగితే చాలా ప్రమాదకరమైన నేల. అలాంటిచోట మూడున్నర మీటర్ల లోతుకు వెళ్లే, అడుగున ఉబ్బెత్తు గల కాంక్రీటు స్తంభాలు, అంటే అండర్‌రీమ్డ్ పైల్స్, వేయాలి. నేల ఉబ్బినా దూలాన్ని తన్నకుండా, వాటి మీది దూలానికీ నేలకూ మధ్య 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి.

ఒకచోట ఆ ఖాళీని మేస్త్రీ శ్రద్ధగా మట్టితో కూరి, అరచేత్తో నునుపు చేసి నాకు చూపించాడు. ఆ సాయంత్రమే వేళ్లతో గీకించి తీయించాను.