కుక్క టీకా కార్డు ఫోన్లో ఉంచుకోండి

బెజవాడ అపార్ట్‌మెంట్లలో కుక్కని పెంచేవాళ్లకి ఓ మాట. రేబిస్ టీకా కార్డు ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి. మొన్న లిఫ్టులో మావాడు పక్కింటి బుడ్డోడి చెయ్యి నాకేసరికి వాళ్లమ్మ బెంబేలెత్తిపోయింది. కార్డు చూపించాకే ఆవిడ కుదుటపడింది.

మూడో నెలలో మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు. జులై 6, జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు) నాడు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి.

కుక్కలు వద్దని అసోసియేషన్ తీర్మానం చేసినా చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అలాగని వాదనకి దిగకండి. కాలవ గట్టుకి తిప్పడానికి వెళ్లేటప్పుడు జేబులో రెండు పాత పేపర్లు పెట్టుకుని, అది చేసింది మీరే ఎత్తేయండి. మా వాచ్‌మన్ సణుగుడు ఆగింది దానితోనే.